నరేంద్ర గారి అడాప్టివ్ కంట్రోల్‌ని రోర్స్ ఉదాహరణ నిజంగా ముంచేసిందా?

బోడేప్లాట్
అడాప్టివ్ కంట్రోల్ (నడుస్తుండగానే తన సెట్టింగుల్ని తానే సరిచేసుకునే కంట్రోలర్ల శాస్త్రం) సిలబస్ ఏది తీసినా ఒకటే వరస. 1980లో యేల్‌లో కుంపటి నరేంద్ర గారి బృందం స్టెబిలిటీ ప్రూఫ్ (సిగ్నల్స్ హద్దు దాటి పెరిగిపోవని గణిత రుజువు) ఇచ్చింది అని ఒక యూనిట్. 1982లో రోర్స్ చిన్న ఉదాహరణతో అది చెడిపోతుందని చూపించాడు అని ఆ కింద ఒక పేరా. అక్కడితో సరి. చదివే పిల్లలకి ఏం అర్థమవుతుంది? ఒక ప్రొఫెసర్ ఏళ్ల తరబడి కట్టిన సిద్ధాంతాన్ని ఒక పీహెచ్‌డీ విద్యార్థి కూల్చేశాడు, దాంతో ఆయన న్యూరల్ నెట్‌వర్క్స్ వైపు వెళ్లిపోయాడు అని. పరీక్షలో కూడా ఇలాగే రాస్తున్నారు.

రెండు సంగతులు తేల్చండి. రోర్స్ ఉదాహరణలో అసలు ఏది చెడుతోంది, కాగితం మీద లెక్కతో చూపించగలరా? రెండోది, కంట్రోల్ థియరీలో ప్రొఫెసర్ కావాలనుకునేవాళ్లు నరేంద్ర గారిలా ఒకే సమస్య పట్టుకుని కూర్చోవాలా, మరో కంట్రోల్ శాస్త్రవేత్త విద్యాసాగర్ గారిలా రంగాలు మారుతూ పోవాలా?

రూట్‌లోకస్
ముందు తేదీలు చూద్దాం, సగం గొడవ అక్కడే తీరుతుంది. నరేంద్ర గారికి గిండీలో బీఈ 1954. హార్వర్డ్‌లో ఎంఎస్ 1955, పీహెచ్‌డీ 1959. 1965లో యేల్. అంతకు ముందే, 1964లో, గోల్డ్‌విన్‌తో కలిసి సర్కిల్ క్రైటీరియన్ (ఒక స్టెబిలిటీ పరీక్ష) మీద పేపర్. 1973లో టేలర్‌తో అబ్సల్యూట్ స్టెబిలిటీ పుస్తకం. 1974లో తతాచార్‌తో లెర్నింగ్ ఆటోమేటా సర్వే. ఇవన్నీ అయ్యాక 1980.

అంటే నేర్చుకునే యంత్రాల మీద ఆయన పని రోర్స్ కన్నా ఎనిమిదేళ్లు ముందుది. దెబ్బ తిని పారిపోయారనే మాట తేదీల దగ్గరే నిలవదు.

సిగ్మా_సుజాత
పైగా 1980 ఆ ఒక్క బృందానిదే కాదు. అదే ఏడాది మోర్స్ వేరే దారిలో, గుడ్విన్–రామడ్జ్–కెయిన్స్ డిస్క్రీట్ టైమ్‌లో అక్కడికే చేరారు.

నైక్విస్ట్_నాని
మరి అంతమంది ప్రూఫూ తప్పేనా?

గెయిన్_మార్జిన్
ప్రూఫ్ తప్పు కాదు నాని గారూ. అది నాలుగు షరతుల మీద నిలబడింది. ప్లాంట్ (కంట్రోల్ చెయ్యాల్సిన సిస్టమ్) గెయిన్, అంటే ఇన్‌పుట్‌ని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె, ప్లస్సో మైనస్సో తెలియాలి. ఆర్డర్ (పోల్స్, అంటే హారం సున్నా అయ్యే విలువల, సంఖ్య) ఇంతకు మించదని తెలియాలి. రిలేటివ్ డిగ్రీ (పోల్స్ సంఖ్యలోంచి జీరోల సంఖ్య తీసేస్తే వచ్చేది) కచ్చితంగా తెలియాలి. జీరోలన్నీ (లవం సున్నా అయ్యే విలువలు) కాంప్లెక్స్ ప్లేన్ ఎడమ సగంలో ఉండాలి. రోర్స్ వీటిలో రెండింటిని తీసేశాడు. ఆర్డర్ 1 అనుకున్న చోట అసలు ప్లాంట్ ఆర్డర్ 3, రిలేటివ్ డిగ్రీ కూడా 1 బదులు 3.

లెక్క ఇదీ. డిజైనర్‌కి తెలిసిన ప్లాంట్ 2/(ఎస్+1). దానికి సిరీస్‌లో, తెలియకుండా మిగిలిపోయిన ముక్క 229/(ఎస్²+30ఎస్+229). దీని పోల్స్ −15 ± జె2 దగ్గర. అసలు పోల్ −1 దగ్గర ఉంది కాబట్టి ఇవి పదిహేను రెట్లు దూరం, ఎవరైనా వదిలేసేవే. రిఫరెన్స్ మోడల్ (ప్లాంట్ ఎలా నడవాలో చూపే నమూనా) 3/(ఎస్+3). కంట్రోలర్: యు = థీటా×ఆర్ − కె×వై. ఇక్కడ ఆర్ రిఫరెన్స్ ఇన్‌పుట్, వై ప్లాంట్ అవుట్‌పుట్, యు ప్లాంట్‌కి ఇచ్చే ఇన్‌పుట్; థీటా, కె అడాప్టేషన్ మార్చే గెయిన్లు. ఆ ముక్క లేదనుకుంటే 1+2కె = 3, 2థీటా = 3. కాబట్టి సరైన విలువలు కె = 1, థీటా = 1.5.

ఇప్పుడు ముక్కని కలిపి రూట్ (Routh) టేబుల్, అంటే పోల్స్ కనుక్కోకుండానే స్టెబిలిటీ తేల్చే పట్టిక, వెయ్యండి. క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్: ఎస్³ + 31ఎస్² + 259ఎస్ + (229 + 458కె) = 0. 31×259 = 8029. స్టేబుల్‌గా ఉండాలంటే 229 + 458కె అనేది 8029కి లోపే ఉండాలి, అంటే కె 17.03 దాటకూడదు. దాటే చోట ఫ్రీక్వెన్సీ 259కి వర్గమూలం, సెకనుకి 16.1 రేడియన్లు. రోర్స్ సైన్ వేవ్‌లో కనబడే 16.1 ఇక్కడి నుంచి వచ్చిందే.

మొదటి ఆర్డర్ ప్లాంట్‌లో కె ఎంత పెరిగినా ప్రమాదం లేదు. అసలు ప్లాంట్‌కి 17 దగ్గర గోడ ఉంది. అడాప్టేషన్ లాకి (కె, థీటాలని మార్చే సూత్రానికి) ఆ గోడ ఉందనే తెలియదు. ఇదే మొత్తం సమస్య.

లూప్_లక్ష్మి
ఫేజ్‌తో కూడా సరిచూసుకోవచ్చు. 16.1 దగ్గర మొదటి పోల్ −86.4 డిగ్రీలు, రెండో ముక్క −93.6. కలిపితే −180. బోడేప్లాట్ గారి పేరుకి న్యాయం చేస్తూ బోడే గీసి చూసినా అదే.

నైక్విస్ట్_నాని
సరే, 1 దగ్గర ఉండాల్సిన కె 17 దాకా ఎందుకు పోతుంది? దాన్ని తోసేదెవరు?

సిగ్మా_సుజాత
అడాప్టేషన్ లాని చూడండి. ఇ అంటే వై నుంచి మోడల్ అవుట్‌పుట్ తీసేస్తే మిగిలేది. గామా అంటే మార్పు వేగాన్ని నిర్ణయించే స్థిరాంకం.
కె మార్పు రేటు = గామా × ఇ × వై
థీటా మార్పు రేటు = −గామా × ఇ × ఆర్

రోర్స్ రెండు రకాలుగా చెడగొట్టాడు. ఒకటి, ఆర్‌లోనే 16.1 దగ్గర పెద్ద సైన్ వేవ్ కలపడం. అక్కడ ప్లాంట్ ఫేజ్ పూర్తిగా తిరగబడి ఉంటుంది కాబట్టి లా తప్పు దిశలో తోస్తుంది. దీన్ని 'అంత ఫ్రీక్వెన్సీ ఎవరు ఇస్తారు' అని కొట్టిపారెయ్యొచ్చు.

రెండోదాన్ని కొట్టిపారెయ్యలేం. ఆర్ = 2 అని స్థిరంగా పెట్టండి. కొలిచే వై మీద 0.5 సైన్ 8టి డిస్టర్బెన్స్ కలపండి. మోడల్ అవుట్‌పుట్ 2 దగ్గర కదలకుండా ఉంటుంది. వై = 2 + ఇ. అప్పుడు ఇ×వై = 2ఇ + ఇ². సగటు తీస్తే మొదటి పదం ఇంచుమించు పోతుంది. రెండోది వర్గం, ఎప్పుడూ ప్లస్సే. కె పైకే పోతుంది, తిరిగి రాదు. థీటా దాని వెంటే నడుస్తుంది, ఎందుకంటే డీసీ (స్థిరమైన భాగం) సరిపోవాలంటే థీటా = కె + 0.5 కావాలి. ఆ గీత మీద ఎక్కడున్నా బయటికి వై సగటున 2 దగ్గరే కనబడుతుంది. లోపల రెండూ జారుతూనే ఉంటాయి.

గెయిన్_మార్జిన్
సుజాత గారూ, 'మొదటి పదం పోతుంది' అన్నచోట కాస్త బిగించాలి. థీటా పెరుగుతోందంటే సగటు ఇ సున్నా కాదు, కొంచెం మైనస్‌లో ఉండాలి. గీత వెంబడి రెండు రేట్లూ సమానం కాబట్టి: 2×(సగటు ఇ) + (సగటు ఇ²) = −2×(సగటు ఇ). దీన్నుంచి సగటు ఇ = −(సగటు ఇ²)/4. జారుడు వేగం గామా × సగటు ఇ²లో సగం. దిశ మీరు చెప్పిందే, వేగం సగం.

ఇంకోటి, ఈ వేగం డిస్టర్బెన్స్ వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.5ని 0.25 చేస్తే జారుడు నాలుగో వంతవుతుంది. ఆగదు, ఆలస్యమవుతుందంతే.

సిగ్మా_సుజాత
వేగానికి మీ సమీకరణమే వాడాలి. సిమ్యులేషన్‌తో అదే కలుస్తుంది.

బోడేప్లాట్
ఇదీ కావలసింది. ల్యాబ్‌లో పిల్లలతో చేయించాలంటే సెట్టింగులు చెప్పండి. చాలామందికి 'ఏమీ చెడలేదు సార్' అనే వస్తుంది.

లూప్_లక్ష్మి
సిములింక్ గానీ సైలాబ్‌లో ఎక్స్‌కాస్ గానీ, ఏదైనా సరే. ఫిక్స్‌డ్ స్టెప్ 0.001 సెకను. గామా 1. కె 1 నుంచి, థీటా 1.5 నుంచి మొదలుపెట్టండి. సరైన విలువల దగ్గర మొదలుపెట్టినా చెడుతుందని చూపించడమే పాయింట్. సిమ్యులేషన్ సమయం 900 సెకన్లు.

ఏమీ చెడలేదు అని రావడానికి కారణాలు ఇవే:
సమయం 20 సెకన్లు పెట్టడం. మొదటి నిమిషంలో వై చూస్తే అంతా సుబ్బరంగా ఉంటుంది. కె, థీటాలకి వేరే స్కోప్ పెట్టి చూడాలి.
డిస్టర్బెన్స్‌ని ప్లాంట్ ఇన్‌పుట్ దగ్గర కలపడం. 8 రేడియన్ల దగ్గర ప్లాంట్ గెయిన్ 0.2 కూడా లేదు. ఐదో వంతుకన్నా తక్కువే అవుట్‌పుట్‌కి చేరుతుంది, జారుడు దాని వర్గంతో పడిపోతుంది.
ఫీడ్‌బ్యాక్‌కి కొలిచిన వై ఇచ్చి, అడాప్టేషన్ లాకి డిస్టర్బెన్స్ లేని వై ఇవ్వడం. నిజం ప్లాంట్‌లో ఆ రెండో వై ఎవరి దగ్గరా ఉండదు.

ఇంకో సంగతి. సరిగ్గా 17.03 దాకా ఆగుతుందని ఎదురుచూడొద్దు. ఆర్ స్థిరంగా ఉన్నప్పుడు అడాప్టేషన్ తానే ఇంటిగ్రల్ యాక్షన్‌లా పనిచేస్తుంది. దాని గెయిన్ గామా×(ఆర్²+వై²), ఇక్కడ 8. ఆ 8/ఎస్‌ని కలిపి నాలుగో ఆర్డర్ రూట్ టేబుల్ వేస్తే హద్దు కె = 16 దగ్గరికి దిగుతుంది.

నైక్విస్ట్_నాని
ఇంత స్పష్టంగా చెడుతుంటే రోర్స్ గెలిచినట్టే కదా.

కృష్ణాతీరం
పందెం కాదండీ ఇది. పేపర్ల మీద పేర్లు చదవండి. 1980 ప్రూఫ్ పేపర్: నరేంద్ర, లిన్, వలవానీ. 1985లో ట్రాన్సాక్షన్స్ ఆన్ ఆటోమేటిక్ కంట్రోల్‌లో వచ్చిన రోర్స్ పూర్తి పేపర్: రోర్స్, వలవానీ, ఏథన్స్, స్టైన్. లీనా వలవానీ రెండింట్లోనూ ఉన్నారు. ప్రూఫ్ రాసినవాళ్లలో ఒకరే దాని హద్దులు చూపినవాళ్లలోనూ ఉన్నారు. ఒక రంగం ఆరోగ్యంగా ఉందనడానికి ఇంతకన్నా గుర్తేం కావాలి? ఈ ఒక్క సంగతి సిలబస్‌లో చేరిస్తే 'కూల్చేశాడు' అనే మాట ఇక ఎవరూ రాయరు.

బోడేప్లాట్
ఈ కోణం పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడదు.

రూట్‌లోకస్
జవాబు కూడా ఎంతో ఆలస్యం కాలేదు. పీటర్సన్, నరేంద్రల డెడ్ జోన్ పేపర్ 1982 డిసెంబర్‌లోనే ఉంది. డిస్టర్బెన్స్‌కి హద్దు తెలిస్తే, ఎర్రర్ ఆ హద్దు లోపల ఉన్నంతసేపు అడాప్టేషన్ ఆపెయ్యాలని. అయోనూ, కోకోటోవిచ్‌ల సిగ్మా మాడిఫికేషన్ ఆ కాలందే. 1987లో నరేంద్ర, అన్నస్వామిల ఇ-మాడిఫికేషన్. 1989లో ఇవన్నీ కలిపి ఆ ఇద్దరి పుస్తకం.

నైక్విస్ట్_నాని
మూడింటికీ తేడా ఏమిటి? ఏది వాడాలి?

సిగ్మా_సుజాత
సిగ్మా అంటే కుండకి చిన్న చిల్లు పెట్టడం. ఎంత పోసినా ఒక మట్టం దాటి నిలవదు. కె రేటులోంచి సిగ్మా×కె, థీటా రేటులోంచి సిగ్మా×థీటా తీసెయ్యడమే. పైన చెప్పిన సెట్టింగులకే సిగ్మా 0.1 పెట్టి చూడండి, కె 1కీ 2కీ మధ్యే ఆగుతుంది. దానికి కట్టే ధర: థీటా స్థిరపడాలంటే −2×(సగటు ఇ) = 0.1×థీటా. థీటా 1.65 దగ్గర ఉంటుంది కాబట్టి సగటు ఇ −0.08. అంటే 2 రావాల్సిన చోట వై సగటున 1.92. ఈ లోటు పోదు.

ఇంకా చేదు సంగతి, డిస్టర్బెన్స్ అసలు లేకపోయినా ఈ చిల్లు కారుతూనే ఉంటుంది. కె సరైన 1 దగ్గర నిలవక కిందికి జారిపోతుంది, ఎర్రర్ సున్నాకి రాదు.

అందుకే ఇ-మాడిఫికేషన్. సిగ్మాని ఎర్రర్ పరిమాణంతో గుణిస్తారు. ఎర్రర్ తగ్గేకొద్దీ చిల్లు మూసుకుపోతుంది. డెడ్ జోన్‌కి డిస్టర్బెన్స్ హద్దు ముందే తెలియాలి, దీనికి అక్కర్లేదు.

ఫీల్డ్_ఫణి
ప్లాంట్ మీద పెట్టేవాళ్లకి వీటన్నిటికన్నా ప్రొజెక్షన్ మేలు. కెకి కింద 0, పైన 8.5 అని హద్దు పెట్టండి. ఇంటిగ్రేటర్ అక్కడికి రాగానే బయటికి పోయే భాగాన్ని ఆపెయ్యండి. 17లో సగం కాబట్టి గెయిన్ మార్జిన్ 6 డెసిబెల్స్ మిగులుతుంది. డీసీ ఎర్రర్ శిక్ష కూడా లేదు.

గెయిన్_మార్జిన్
ఫణి గారూ, 17 అని తెలిస్తేనే కదా 8.5 పెట్టేది. తెలియని ముక్క గురించి కదా ఈ చర్చంతా.

ఫీల్డ్_ఫణి
మోడల్ తెలియక్కర్లేదండీ, హద్దు ఎక్కడో కొలిస్తే చాలు. ఆస్ట్రమ్, హెగ్లండ్‌ల రిలే టెస్ట్ 1984 నుంచీ ఉంది. కంట్రోలర్ తీసేసి ఆ చోట ±1 రిలే (ఎర్రర్ గుర్తుని బట్టి +1 గానీ −1 గానీ ఇచ్చే స్విచ్) పెట్టండి. ఈ ప్లాంట్ అయితే వై దాదాపు 0.075 ఎత్తుతో ఊగుతుంది, పీరియడ్ 0.39 సెకన్లు. అల్టిమేట్ గెయిన్ (స్టెబిలిటీ హద్దు దగ్గరి గెయిన్) = 4/(పై×0.075), అంటే 17. ఫ్రీక్వెన్సీ 2పై/0.39 = 16.1. తెలియని ముక్క పోల్స్ ఎక్కడున్నాయో తెలియకుండానే మనక్కావలసిన రెండు అంకెలూ చేతికొచ్చాయి.

జాగ్రత్తలు రెండు. సెన్సర్ నాయిస్ ఆ 0.075లో పదో వంతు దాటితే రిలే ఊరికే కొట్టుకుంటుంది, హిస్టరీసిస్ (చిన్న తేడాకి రిలే మారకుండా ఆపే పట్టీ) పెట్టాలి. హిస్టరీసిస్ పెడితే ఫ్రీక్వెన్సీ కాస్త తక్కువగా చూపిస్తుంది, గెయిన్ కూడా తక్కువగా వస్తుంది. మన పనికి ఆ తప్పు మంచి వైపుకే. రెండోది, ఆపరేటింగ్ పాయింట్ మారితే టెస్ట్ మళ్లీ చెయ్యాలి.

గెయిన్_మార్జిన్
ఈ కలయిక బాగుంది. రిలేతో హద్దు కొలిచి ప్రొజెక్షన్‌కి ఇవ్వడం. కానీ ఎగిరే వాహనంలో ప్రతి ఎత్తులోనూ రిలే టెస్ట్ పెట్టలేం కదా.

రూట్‌లోకస్
ఎగిరేవాటి మాట వచ్చింది కాబట్టి. 1967 నవంబర్ 15న రాకెట్‌తో ఎగిరే పరిశోధక విమానాలైన ఎక్స్-15లలో మూడోది ముక్కలై పైలట్ మైకేల్ ఆడమ్స్ చనిపోయాడు. అందులో ఉన్నది ఎంహెచ్-96, గెయిన్‌ని తనంతట తాను మార్చుకునే సిస్టమ్. కిందికి దిగుతూ గాలి ఒత్తిడి పెరుగుతుంటే గెయిన్ తగ్గాలి. సిస్టమ్ లిమిట్ సైకిల్‌లో (ఆగని ఊగులాటలో) చిక్కుకుని ఆ తగ్గింపు జరగలేదు. ప్రమాదానికి అదొక్కటే కారణం కాదు, కానీ స్టెబిలిటీ ప్రూఫ్ లేకుండా అడాప్టివ్ కంట్రోల్ ఎగరకూడదన్న పట్టుదల వెనక ఇలాంటివి ఉన్నాయి. 1966లో పార్క్స్ పాత ఎంఐటీ రూల్ (ఎర్రర్ వర్గం తగ్గే దిశలో పరామీటర్లని తోసే లా) అస్థిరమవుతుందని చూపించి లియాపునోవ్ దారి (ఎనర్జీ లాంటి ఒక ఫంక్షన్ పెరగదని చూపి స్టెబిలిటీ నిరూపించడం) పట్టించాడు. నరేంద్ర గారి బృందం 1970లంతా ఆ దారిలోనే నడిచింది. 1980 ఊరికే రాలేదు.

బోడేప్లాట్
మరి 1990 న్యూరల్ నెట్‌వర్క్ పేపర్? అది వేరే దారి అనే అందరూ అనుకుంటారు.

సిగ్మా_సుజాత
చదివినవాళ్లు అలా అనరు. పార్థసారథితో రాసిన ఆ పేపర్‌లో ఐడెంటిఫికేషన్‌కి రెండు పద్ధతులున్నాయి. పారలల్ మోడల్‌లో నెట్‌వర్క్ తన పాత అవుట్‌పుట్‌లనే మళ్లీ ఇన్‌పుట్‌గా తీసుకుంటుంది. సిరీస్-పారలల్ మోడల్‌లో ప్లాంట్ పాత అవుట్‌పుట్‌లని తీసుకుంటుంది. ఆయన రెండోదాన్నే పట్టుకున్నారు. ప్లాంట్ అవుట్‌పుట్ హద్దుల్లో ఉంటే నెట్‌వర్క్‌కి వెళ్లే సిగ్నల్స్ అన్నీ హద్దుల్లో ఉంటాయి. ఇది అచ్చంగా అడాప్టివ్ కంట్రోల్ ఆలోచనే.

అందులోని ఉదాహరణ ఒకటి ఇప్పటికీ ల్యాబ్‌లో చేయించొచ్చు. వై(కె+1) = 0.3వై(కె) + 0.6వై(కె−1) + ఎఫ్(యు). ఇక్కడ కె స్టెప్ సంఖ్య, పైన చెప్పిన గెయిన్ కాదు. ఎఫ్ = 0.6 సైన్(పై యు) + 0.3 సైన్(3పై యు) + 0.1 సైన్(5పై యు). నెట్‌వర్క్‌లో హిడెన్ లేయర్లు రెండు, 20, 10 నోడ్స్. స్టెప్ సైజ్ 0.25. ఇన్‌పుట్ 250 స్టెప్పులకి ఒక సైకిల్ వచ్చే సైన్ వేవ్. ట్రైనింగ్ నడుస్తున్నంతసేపు నెట్‌వర్క్ ప్లాంట్‌తో అతుక్కునే పోతుంది. 500వ స్టెప్ దగ్గర ట్రైనింగ్ ఆపేస్తే తేడా బయటపడుతుంది. −1 నుంచి 1 మధ్య ర్యాండమ్ ఇన్‌పుట్‌తో 50,000 స్టెప్పులు నేర్పిస్తే అప్పుడు ఆపినా నిలుస్తుంది.

ఇది పర్సిస్టెంట్ ఎక్సైటేషన్ (పరామీటర్లన్నీ తేలేంత వైవిధ్యం ఇన్‌పుట్‌లో ఉండడం) కాక మరేమిటి? రోర్స్ ఉదాహరణలో ఆర్ స్థిరంగా ఉంటే ఒక పరామీటర్‌కి సరిపడా సమాచారమే ఉంటుంది, పరామీటర్లు రెండు. అందుకే ఆ గీత మీద జారుడు. ఆర్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీ సైన్ ఒక్కటి కలిపితే రెండూ దొరుకుతాయి. 1990 పేపర్‌లోనూ అదే నీతి వేరే కొలతలో.

లూప్_లక్ష్మి
1997లో బాలకృష్ణన్‌తో మల్టిపుల్ మోడల్స్ పేపర్ కూడా ఈ వరసలోదే. ఒక్క మోడల్ నెమ్మదిగా నేర్చుకునేలోపు ట్రాన్సియెంట్ (స్థిరపడేలోపు ఊపు) ఘోరంగా ఉంటుంది కాబట్టి చాలా మోడల్స్ పక్కపక్కనే నడిపి, ఎర్రర్ తక్కువున్నదానికి స్విచ్ అవ్వడం. ఇక్కడ పడే చిక్కు చాటరింగ్, అంటే మోడల్స్ మధ్య మాటిమాటికీ మారిపోవడం. స్విచ్ అయ్యాక కొంత కనీస సమయం ఆగాలి, లేదా కొత్త మోడల్ ఎర్రర్ చెప్పుకోదగ్గంత తక్కువైతేనే మారాలి.

నైక్విస్ట్_నాని
అంటే ఆటోమేటా, అడాప్టివ్, న్యూరల్, మల్టిపుల్ మోడల్స్... నాలుగు పేర్లు, ప్రశ్న ఒకటే. నేర్చుకుంటూ ఉండగా సిస్టమ్ చెయ్యి జారకుండా ఉంటుందా?

రూట్‌లోకస్
సరిగ్గా పట్టుకున్నారు.

కృష్ణాతీరం
విద్యాసాగర్ గారి సంగతి. 1947లో గుంటూరులో పుట్టారు. తండ్రి ఎం.వి. సుబ్బారావు గారు గణితజ్ఞులు. విస్కాన్సిన్‌లో 1965, 1967, 1969లో మూడు డిగ్రీలు. 1970 నుంచి మాంట్రియల్‌లో పదేళ్లు, 1980 నుంచి వాటర్లూలో తొమ్మిదేళ్లు. 1989లో బెంగళూరు వచ్చి డీఆర్‌డీవో వారి సీఏఐఆర్‌కి (కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రానికి) డైరెక్టర్. 2000 నుంచి 2009 దాకా హైదరాబాద్‌లో టీసీఎస్. తర్వాత టెక్సస్ యూనివర్సిటీ, డాలస్. 2008లో ఐఈఈఈ కంట్రోల్ సిస్టమ్స్ అవార్డు, 2012లో రాయల్ సొసైటీ ఫెలో.

పైపైన చూస్తే ఎటెటో వెళ్లారనిపిస్తుంది. పుస్తకాలు వరసగా పెట్టండి. 1975లో డెసోర్‌తో ఇన్‌పుట్-అవుట్‌పుట్ స్టెబిలిటీ. 1985లో ఫ్యాక్టరైజేషన్. 1997లో లెర్నింగ్ థియరీ. 2014లో హిడెన్ మార్కోవ్ ప్రాసెస్‌లు, బయాలజీకి. ప్రతి చోటా తెలియనిదానికి ఒక హద్దు కట్టి, దాని మీద గ్యారంటీ ఇవ్వడమే పని.

గెయిన్_మార్జిన్
ఆయన 1986 పేపర్ ఈ చర్చకే సరిపోతుంది. హెచ్-ఇన్ఫినిటీ (అతి చెడ్డ డిస్టర్బెన్స్ వచ్చినా ఎర్రర్‌ని హద్దులో ఉంచే డిజైన్ పద్ధతి) పరిమితమైన ఎనర్జీ ఉన్న డిస్టర్బెన్స్‌లకి కట్టింది. 0.5 సైన్ 8టి ఎప్పటికీ ఆగదు, దాని ఎనర్జీ అనంతం, ఎత్తు మాత్రం 0.5 దాటదు. 'ఆగకుండా వస్తూనే ఉండే, ఎత్తు తెలిసిన డిస్టర్బెన్స్‌కి అవుట్‌పుట్ గరిష్ఠంగా ఎంత పోతుంది' అన్న ప్రశ్నని విద్యాసాగర్ గారు పెట్టారు. మరుసటి ఏడాది దహ్లే, పియర్సన్ సాధించారు. ఎల్-1 కంట్రోల్ అలా మొదలైంది.

వరంగల్_ట్రిపులీ
1985 ఫ్యాక్టరైజేషన్ పుస్తకంలో చాలామంది మొదటి అధ్యాయాల దగ్గరే ఆగిపోతారు. రింగ్ థియరీ చూసి భయం. సులువైన తలుపు ఏదైనా ఉందా?

లూప్_లక్ష్మి
ఒక్క అన్‌స్టేబుల్ ప్లాంట్ తీసుకోండి: 1/(ఎస్−1). దీన్ని రెండు స్టేబుల్ ముక్కల నిష్పత్తిగా రాయండి. ఎన్ = 1/(ఎస్+1), డి = (ఎస్−1)/(ఎస్+1). ఇప్పుడు ఎక్స్×ఎన్ + వై×డి = 1 అయ్యేలా స్టేబుల్ ఎక్స్, వై వెతకండి (ఈ వై ప్లాంట్ అవుట్‌పుట్ కాదు). ఎక్స్ = 2, వై = 1 పెడితే (2 + ఎస్ − 1)/(ఎస్+1) = 1. అయిపోయింది. కంట్రోలర్ ఎక్స్/వై = 2, క్లోజ్డ్ లూప్ పోల్ −1.

ఇక ఏ స్టేబుల్ క్యూ తీసుకున్నా (ఎక్స్ + డి×క్యూ)/(వై − ఎన్×క్యూ) ఆ ప్లాంట్‌ని స్టెబిలైజ్ చేస్తుంది. స్టెబిలైజ్ చేసే కంట్రోలర్లన్నీ ఈ రూపంలోనే వస్తాయి. యూలా, జబ్ర్, బోంజోర్నో 1976లో ఇచ్చింది ఇదే, దాన్ని అన్ని రకాల సిస్టమ్స్‌కీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది ఆ పుస్తకం. పిల్లలు చేసే తప్పు ఒకటుంది. (ఎస్−1)ని పైనా కిందా కొట్టేసి క్యూలో దాచేస్తారు. క్యూ స్టేబుల్ కాకపోతే ఇక ఏ గ్యారంటీ లేదు.

వరంగల్_ట్రిపులీ
క్యూ = 1 పెట్టి చూశా. కంట్రోలర్ (3ఎస్+1)/ఎస్. ఇంటిగ్రేటర్ దానంతటదే వచ్చేసింది!

లూప్_లక్ష్మి
క్లోజ్డ్ లూప్ కూడా వెయ్యండి: ఎస్² + 2ఎస్ + 1. రెండు పోల్సూ −1 దగ్గర. పీఐ కంట్రోలర్ ఆ సమీకరణంలోంచి పుట్టుకొచ్చింది చూశారా. ఇదే ఉదాహరణతో మొదలుపెట్టి ఆ పుస్తకం తెరిస్తే భయం సగం పోతుంది.

బోడేప్లాట్
కెరీర్ ప్రశ్నకి వద్దాం. ఇప్పుడు చేరే పీహెచ్‌డీ వాళ్లకి ఏం చెప్పాలి?

ఫీల్డ్_ఫణి
హార్డ్‌వేర్ మీద చూపించని థియరీకి ఇప్పుడు విలువ తగ్గింది. మోటార్ మీదైనా నడిపి చూపించాలి.

గెయిన్_మార్జిన్
దీంతో నేను ఏకీభవించను ఫణి గారూ. 1980 పేపర్‌లో మోటార్ లేదు. 1985లో రోర్స్ పేపర్‌లోనూ లేదు, సిమ్యులేషనే. రెండూ రంగాన్ని మార్చాయి. విలువ వచ్చింది షరతులు స్పష్టంగా రాయడం వల్ల. నాలుగు షరతులు అని కాగితం మీద ఉండబట్టే కదా వాటిలో ఏది విరిగిందో రోర్స్ చూపించగలిగాడు.

థీసిస్ మొదలుపెట్టేవాళ్లు ఒక పట్టిక గీసుకోవాలి. ఒక వైపు ప్రూఫ్‌లో వాడే ప్రతి షరతు. పక్కన, అసలు ప్లాంట్‌లో అది విరిగితే ముందు ఏ సిగ్నల్ చెడుతుంది. మూడో గడిలో ఆ షరతుని ఒక్కదాన్నే విరిచే అతి చిన్న ఉదాహరణ, రెండో ఆర్డర్ చాలు. మూడో గడి నింపలేకపోతే ఆ షరతు ఎందుకు కావాలో మనకే తెలియదన్నమాట. రివ్యూయర్ మొదట అడిగేది కూడా అదే.

ఫీల్డ్_ఫణి
ఆ పట్టికకి నాలుగో గడి కలపండి: ఆ షరతుని ప్లాంట్ దగ్గర ఎలా కొలుస్తారు. రిలే టెస్ట్ లాంటిది. అప్పుడు మన ఇద్దరి వాదనా ఒకటే.

గెయిన్_మార్జిన్
కలిపేశాను.

కృష్ణాతీరం
రంగం మారాలా అన్నదానికి ఒక మాట. మారేటప్పుడు పాత పనిముట్టు కొత్త చోట పనికొస్తుందో లేదో చూసుకోవాలి. నరేంద్ర గారికి లియాపునోవ్ ఫంక్షన్, విద్యాసాగర్ గారికి నార్మ్ (సిగ్నల్ పరిమాణానికి కొలత), ఫ్యాక్టరైజేషన్. రెండేళ్లకో కొత్త పేరు తగిలించుకుని పాతదంతా పారేసేవాళ్లకి విద్యార్థులు కూడా మిగలరు. తతాచార్, అన్నస్వామి, పార్థసారథి, బాలకృష్ణన్: నరేంద్ర గారి పక్కన ఉన్న ఈ పేర్లే ఆయన కెరీర్‌కి అసలు కొలత. ఆయనకి 2003లో బెల్‌మన్ అవార్డు వచ్చిందని చెప్పేవాళ్లు ఈ పేర్లు కూడా చెప్పాలి.

నైక్విస్ట్_నాని
చివరిగా ఒకటి. డెడ్ జోన్‌తో కూడా ల్యాబ్ చేయిద్దామనుకుంటే వెడల్పు ఎంత పెట్టాలి? డిస్టర్బెన్స్ 0.5 కాబట్టి 0.5 చాలా?

సిగ్మా_సుజాత
చాలదు. ఫీడ్‌బ్యాక్ లూప్ 8 రేడియన్ల దగ్గర డిస్టర్బెన్స్‌ని తగ్గించదు, పెంచుతుంది. కె = 1 దగ్గర వైలో కనబడే ఊపు 0.58. కె 4 దగ్గర అది 0.75 అవుతుంది, అదే గరిష్ఠం. 0.5 పెడితే సరైన విలువల దగ్గర కూడా అడాప్టేషన్ ఆగదు, జారుడు మళ్లీ మొదలు. 0.8 పెట్టండి. అంత ఎర్రర్‌ని లా అసలు పట్టించుకోదు కాబట్టి ఆర్ = 2 లాంటి చిన్న రిఫరెన్స్‌కి ఇది ఖరీదైన పరిష్కారమే. ఆర్‌ని 10 చేసి, గామాని 1 నుంచి 0.04కి తగ్గించి నడిపితే పిల్లలకి లాభం, ధర రెండూ కనబడతాయి.